టామీ, లూనా, నల్లోడు: కుక్కల పేర్ల జాబితాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు?

2025 ఆగస్టులో వీధికుక్కలపై సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చినప్పటి నుంచి విశాఖపట్నంలో పెంపుడు కుక్కల కాగితాల మీద మాట ఎక్కువైంది. కార్పొరేషన్ లైసెన్సు, రేబిస్ టీకా పుస్తకం, జాతికుక్కయితే కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్. మూడింట్లోనూ 'కుక్క పేరు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఏం రాయాలో తేలని ఇళ్లు చాలానే ఉన్నాయి. సర్టిఫికెట్‌లో నాలుగు మాటల పొడవాటి పేరు, టీకా పుస్తకంలో బ్రూనో, ఇంట్లో బుజ్జిగాడు.

ఇదే గజిబిజి పెద్ద ఎత్తున ఏటా డిసెంబరు, జనవరుల్లో వచ్చే 'ప్రపంచంలో ప్రసిద్ధమైన కుక్కల పేర్లు' జాబితాల్లోనూ ఉంటుంది. ఒకటి లూనా అంటుంది, ఇంకొకటి బెల్లా అంటుంది, జపాన్ జాబితా ముగి అంటుంది. మన వీధిలో మాత్రం టామీ అని పిలిస్తే రెండు మూడు తలలు తిరుగుతాయి. జాబితాలు అబద్ధం చెప్పడం లేదు. ఒక్కోటీ ఒక్కో రకం కుక్కని, ఒక్కో రకం పేరుని లెక్కపెడుతోంది, అంతే. ఆ తేడా పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది.

పేరంటే ఏ పేరు?

ఒక కుక్కకి రెండు పేర్లు ఉండొచ్చు. ఒకటి కాగితం పేరు, రెండోది పిలుపు పేరు. కాగితం పేరు జాతి రిజిస్టర్ల కోసం. మన దేశంలో ఆ పని చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చేస్తుంది. కాగితం పేరులో సాధారణంగా పెంపకందారు కెన్నెల్ (కుక్కల్ని పెంచే చోటు) పేరు ఒక భాగం, పిల్లకి పెట్టిన పేరు ఇంకో భాగం. మన ఇంటిపేరు, పేరు లాంటిదే. ఒకే పేరు మీద రెండు వంశవృక్షాలు కలిసిపోకుండా చూడటం దీని పని. అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో ఒకే జాతిలో ఒకే పేరుని 37 కుక్కలకి మించి ఇవ్వరు. పేరు మొత్తం 50 అక్షరాలు దాటకూడదు.

ఫ్రాన్స్‌ది ఇంకా చిత్రమైన పద్ధతి. 1926 నుంచి అక్కడ జాతికుక్కల పేర్లకి ఏడాదికో అక్షరం నడుస్తోంది. ఇంగ్లిష్ వర్ణమాలలోని 26 అక్షరాల్లో కె, క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ వదిలేస్తే 20 మిగులుతాయి. అంటే 20 ఏళ్లకో చుట్టు. 2023లో పుట్టినవాటికి యు, 2024కి వి, 2025కి మళ్లీ మొదటి నుంచి ఎ, 2026కి బి. ఫ్రెంచి కుక్క కాగితం మీద వి తో మొదలయ్యే పేరు కనిపించిందనుకోండి. అది 2024లోనన్నా పుట్టాలి, 2004లోనన్నా పుట్టాలి. ఇరవై ఏళ్లు దాటి బతికే కుక్క అరుదు కాబట్టి వయసు వెంటనే తెలిసిపోతుంది. దీని దుష్ఫలితం కూడా ఉంది: యు అక్షరం వచ్చిన ఏడాది పేర్లు దొరక్క ఒకే గుప్పెడు పేర్లు దేశమంతా తిరిగాయి. ఆ ఏడాది ఫ్రెంచి జాబితా చూసి 'ఫ్రెంచివాళ్లకి యు అంటే ఇష్టం' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. జర్మనీలో అక్షరం ఏడాదిని బట్టి మారదు, ఈతని బట్టి మారుతుంది. ఒక కెన్నెల్‌లో మొదటి ఈత పిల్లలన్నీ ఎ తో, రెండో ఈతవి బి తో.

పిలుపు పేరుకి ఈ నియమాలేవీ అంటవు. లైసెన్సు గడిలో, టీకా పుస్తకంలో చాలామంది రాసేది ఇదే. రెండు కాగితాల్లో రెండు పేర్లు ఉంటే గొడవా అంటే, మైక్రోచిప్ ఉన్న కుక్కకి పెద్దగా కాదు. మెడ దగ్గర చర్మం కింద పెట్టే ఆ చిప్‌లోని 15 అంకెల సంఖ్యే కుక్క అసలు గుర్తింపు. చిప్ లేని కుక్కకి మాత్రం కాగితాలన్నిటా ఒకే పేరు, ఒకే స్పెల్లింగు లేకపోతే టీకా వేసింది ఈ కుక్కకేనని చూపించడం కష్టమవుతుంది.

జాబితా ఎవరి లెక్క?

జర్మనీ జాబితా టాస్సో అనే సంస్థ నుంచి వస్తుంది. తప్పిపోయిన జంతువుల్ని వెతికిపెట్టే రిజిస్టరు అది. జపాన్‌లో బాగా చెప్పుకునే జాబితా అనికోమ్ అనే బీమా సంస్థది. కొత్తగా బీమా చేసిన కూనల పేర్లు అందులో ఉంటాయి. అమెరికా జాబితాల్లో ఎక్కువగా కనిపించేది కుక్కల్ని చూసుకునే మనుషుల్ని కుదిర్చే ఒక యాప్ తన వాడకందారుల నుంచి తీసినది. న్యూయార్క్, జ్యూరిక్ నగరాలు మాత్రం లైసెన్సుల వివరాలే బయటపెడతాయి. వీటిలో నమ్మదగ్గవి ఏవంటే నేను చివరి రెంటికీ ఓటేస్తాను. లైసెన్సు అన్ని కుక్కలకీ తప్పనిసరి, బీమా ఇష్టమున్నవాళ్లది. మన దేశానికి అలాంటి జాతీయ లెక్కే లేదు. 'భారతదేశంలో టాప్ పేర్లు' అని వచ్చేవి ఎక్కువగా నగరాల్లో కుక్కల సరుకులు కొనేవాళ్ల కుక్కల పేర్లు.

తేడా ఎంత వస్తుందో ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. విశాఖ ఎంవీపీ కాలనీలో నాలుగు వీధులు కలిపి 100 కుక్కలున్నాయనుకుందాం. 40 పెంపుడువి ఒక క్లినిక్ కంప్యూటర్లో ఉన్నాయి. మిగతా 60 వీధివి, వాచ్‌మన్లు సాకేవి. క్లినిక్‌లో బ్రూనోలు 4, లూనాలు 3. టామీలు 5 ఉన్నా, రిసెప్షన్‌లో టైపు చేసిన తీరుకి టామీ 2, టామి 2, టోమీ 1గా చీలిపోయాయి. బయట 60లో నల్లోళ్లు 7, టామీలు 6.

క్లినిక్ జాబితా ప్రకారం మొదటి స్థానం బ్రూనోది, 40లో 4, అంటే నూటికి పది. స్పెల్లింగులు కలిపితే క్లినిక్‌లోనే టామీ గెలుస్తుంది. వీధిని కూడా కలిపితే టామీ 11, నల్లోడు 7, బ్రూనో 4. నల్లోడి పేరు క్లినిక్ కంప్యూటర్లో ఒక్కసారి కూడా లేదు! ప్రపంచ జాబితాల్లో జరిగేదీ ఇదే, కాకపోతే అంకెలు పెద్దవి. ఇంకో సంగతి, ఈ ఊహాలెక్కలో అంకెలు స్పష్టత కోసం పెద్దవిగా తీసుకున్నాం. నిజంలో మొదటి స్థానం అంటే పెద్ద వాటా ఏం కాదు. న్యూయార్క్ లైసెన్సుల్లో ముందున్న పేరు కూడా నూటికి రెండు కుక్కలకి మించి ఉండదు.

లూనా అన్నిచోట్లా ఎందుకుంది?

అమెరికా, జర్మనీ, స్పెయిన్, బ్రెజిల్, స్విట్జర్లాండ్. ఈ దేశాల పేర్ల జాబితాలు పక్కపక్కన పెడితే లూనా దాదాపు అన్నిట్లో పైనే ఉంటుంది. లాటిన్‌లో చంద్రుడు. స్పానిష్, ఇటాలియన్‌లలో ఇవాళ్టికీ అదే అర్థం. రెండు అక్షరాలు, ఏ ఐరోపా నోరైనా తిరుగుతుంది, ఏ స్పెల్లింగు తంటా లేదు. (మన ముందుతరానికి లూనా అంటే మోపెడ్ అని ఆ దేశాలకి తెలియదు.) బెల్లా, మ్యాక్స్, చార్లీ, కోకో కూడా ఇలా సరిహద్దులు దాటేసిన పేర్లే.

సినిమా, టీవీ తెచ్చిన పేర్లు ఇంకో తెగ. జర్మనీలో మగకుక్కలకి బాలూ ఏటా పైవరసలో ఉంటుంది. 1967 నాటి అమెరికన్ కార్టూన్ సినిమాలోని ఎలుగుబంటి పేరు అది, దాని మూలం మన హిందీ భాలూ. అంటే ఇక్కడి నుంచి వెళ్లిన మాటే అక్కడ కుక్కపేరైంది. తెలుగువాళ్లకి బాలు అనగానే గుర్తొచ్చేది పాటగాడు కాబట్టి మన దగ్గర ఆ పేరు కుక్కకి పెట్టడానికి నోరు రాదు.

ఈ ప్రపంచ పేర్ల కింద ప్రతి దేశానికీ ఒక పాత పొర ఉంది. జాబితాలకి ఎక్కనిదీ, ఆ భాషవాళ్లకి మాత్రమే తెలిసినదీ అదే. రష్యాలో షారిక్, బోబిక్, తూజిక్. ఫ్రాన్స్‌లో మెదోర్. పోలండ్‌లో బురెక్. జపాన్‌లో పోచి. మెక్సికోలో ఫిరులాయిస్. ఈ పేర్లతో ఇప్పుడు కుక్కలు తక్కువే, కానీ కథలో కుక్క రావాలంటే ఈ పేరే వస్తుంది. మనకి టామీ ఎలాగో వాళ్లకి ఇవి అలాగ.

రంగు, పని, తిండి, కోరిక

పేరు పుట్టే దారులు చూస్తే దేశాల తేడా చాలావరకు చెరిగిపోతుంది.

అన్నిటికన్నా పాతది రంగు. మన నల్లోడు, ఎర్రోడు, మచ్చలోడు, హిందీలో కాలూ, భూరా, నేపాలీలో కాలే, జపాన్‌లో కురో అంటే నలుపు, షిరో అంటే తెలుపు, టర్కీలో కారాబాష్ అంటే నల్లతల, కొరియాలో బాదుకి అంటే మచ్చలది. ఎంత పాతదంటే, వైదిక సాహిత్యంలో యముడి కుక్కలు రెండు: శ్యాముడు, శబలుడు. ఒకటి నలుపు, ఒకటి మచ్చలది. ఈజిప్టు రాజు రెండో ఇంతెఫ్ నాలుగు వేల ఏళ్ల కిందట చెక్కించుకున్న రాతిఫలకం మీద కూడా కుక్కల పేర్లున్నాయి, వాటిలోనూ ఒకటి నల్లదే.

తరవాతది పని. అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ నినెవే భవనంలో గుమ్మం దగ్గర పాతిపెట్టిన ఐదు మట్టి కుక్కబొమ్మలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు: 'శత్రువుని పట్టేది', 'చెడుని తరిమేది', అన్నిటికన్నా గొప్పది 'ఆలోచించకు, కరిచెయ్!'. గుమ్మం ముందు కట్టే కుక్కకి మనం టైగర్ అనీ, మరాఠీవాళ్లు వాఘ్యా అనీ, బెంగాలీలు బాఘా అనీ పెట్టడం ఆ వరసే. మూడూ పులే. సోవియట్ యూనియన్ అంతరిక్షంలోకి పంపిన లైకా పేరుకి అర్థం మొరిగేది. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో వెళ్లిన ఆ వీధికుక్కకి అంతకుముందు పేరు కుద్ర్యావ్‌కా, ఉంగరాల జుట్టుది.

కుక్క కాపలా మానేసి సోఫా ఎక్కిన చోట పేరు తిండి వైపు తిరుగుతుంది. ఇది ఇటీవలి మార్పు, జపాన్, కొరియాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జపాన్ జాబితాల్లో పైనున్న ముగి అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యం. మోకా, మొమో అంటే కాఫీ, పీచ్ పండు. కొరియాలో బొరి అంటే బార్లీ, దుబు అంటే సోయా పనీరు. టర్కీలో ఫిందిక్, హేజల్ గింజ. బ్రెజిల్‌లో మెల్, తేనె. విశాఖ అపార్టుమెంట్లలో లడ్డూ, బిస్కెట్, కుకీ వస్తున్నది ఈ గాలికే. గుర్తించవలసిందేమంటే తిండిపేరు పెట్టిన కుక్క ఎక్కువగా చిన్నదే. షిట్జూకి లడ్డూ అని పెడతారు, రాట్‌వైలర్‌కి పెట్టరు.

చైనాలో పాతపేర్లు కోరికలు. వాంగ్‌సాయ్ అంటే సంపద పొంగేది, లైఫు అంటే అదృష్టం వచ్చింది. చైనా భాషలో కుక్క అరుపు 'వాంగ్ వాంగ్' కాబట్టి మొదటి పేరుకి రెట్టింపు గిరాకీ. మెక్సికోలో దానంతట అది ఇంటికొచ్చి ఉండిపోయిన వీధికుక్కకి సోలోవినో అంటారు, ఒంటరిగా వచ్చింది అని. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ ఉత్తరాన బాతోంబు జనానిది వేరే తెలివి. నేరుగా అనలేని మాటని కుక్కకి పేరుగా పెడతారు, సాధారణంగా ఒక సామెత ముక్క. పొరుగువాడు వినేలా కుక్కని పిలిస్తే చాలు, మాట చేరుతుంది. నన్నన్నావా అని అడిగితే, కుక్కని పిలుచుకున్నాను అనొచ్చు. ఆ పొరుగువాడు జవాబుగా తన కుక్కకి ఇంకో సామెత పెట్టుకుంటాడు.

ఆవు లక్ష్మి, ఎద్దు రాముడు, కుక్క టామీ

తెలుగు ఇళ్లలో ఆవుకి లక్ష్మి, గౌరి అని, ఎద్దుల జతకి రాముడు, లక్ష్మణుడు అని పెట్టడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. కుక్క దగ్గరకొచ్చేసరికి దేవుడి పేరు ఆగిపోతుంది. కాలభైరవుడి వాహనం కుక్క కాబట్టి భైరవ ఒక్కటే మినహాయింపు. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలున్నా, భారతం ఆదిలోనే దేవతల కుక్క సరమ ఉన్నా, ఇంటికుక్కకి సరమ అని పెట్టినవాళ్లు అరుదు. చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్కకైతే పేరే లేదు.

మరి ఊరకుక్కకి కూడా టామీ, జిమ్మీ, సీజర్ ఎందుకొచ్చాయి? రెండు వివరణలున్నాయి. ఒకటి, దొరల బంగళాల్లో, దండు బజార్లలో సీమకుక్కలతో పాటు సీమపేర్లు, సీమ ఆజ్ఞలు దిగాయని. వాల్తేరు రైల్వే కాలనీలు, ఓడరేవు ఉన్న ఈ ఊళ్లో ఇది నమ్మబుద్ధవుతుంది. రెండోది, ఇంగ్లిష్ పేరైతే ఇంట్లో, వీధిలో ఎవరికీ తగలదని. రాజు, రాణి అంటే నాలుగో ఇంట్లో ఒకరుంటారు, టామీ అంటే ఉండరు. పేరు ఎలా వచ్చిందో మొదటి వివరణ చెబుతుంది. దొరలు వెళ్లి డెబ్భై ఎనభై ఏళ్లయినా ఎందుకు నిలిచిందో రెండోదే చెబుతుంది. నా మొగ్గు రెండోదాని వైపు.

తెలుగులో పేరు ఇంకో పని కూడా చేస్తుంది. వీధిలో 'కుక్క వచ్చింది' అంటాం. పేరు పెట్టాక 'మా బ్రూనోగాడు వచ్చాడు'. మగకుక్కకైతే క్రియే మారిపోతుంది. ఆడకుక్కకి ఎలాగూ 'వచ్చింది'యే కాబట్టి పదోన్నతి బయటికి కనిపించదు.

నౌకాదళం, ఉక్కు కర్మాగారం, రేవు వల్ల విశాఖలో అన్ని రాష్ట్రాల ఇళ్లూ కలిసున్నాయి. ఒకే అపార్టుమెంటు కింద మోతీ, షేరూ, బాఘా, టైగర్ ఎదురుపడటం ఇక్కడ వింత కాదు. 'విశాఖ కుక్కల పేర్లు' అని ఒక జాబితా తీస్తే అది ఏ కాలనీలో తీశారన్నదాన్ని బట్టి మారిపోతుంది.

మనిషి పేరు పెట్టొచ్చా?

బ్రిటన్‌లో ఆల్ఫీ, పాపీ పిల్లల పేర్లూ అవే, కుక్కల పేర్లూ అవే. కుక్క ఇంట్లో మనిషైనప్పుడు పేరు మాత్రం వేరెందుకన్నది ఆ పక్షం వాదన. తెలుగువాళ్లు సగం దారిలో ఉన్నారు: చింటూ, బన్నీ, చిన్నూ లాంటి ముద్దుపేర్లు కుక్కకీ పిల్లాడికీ ఉమ్మడి, బారసాల నాటి పూర్తి పేరు మాత్రం మనిషికే.

ఎదుటి పక్షం వాదన కూడా తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. మన భాషలో కుక్క అన్నది తిట్టు. పేరు పంచుకున్న మనిషికి అది తగులుతుంది. చాలా ముస్లిం సమాజాల్లో ప్రవక్తల పేర్లు కుక్కలకి పెట్టరు, అయినా ఖురాన్‌లో చెప్పిన, గుహలో ఏళ్ల తరబడి నిద్రించినవారి కుక్కకి సంప్రదాయం కిత్మీర్ అనే పేరు భద్రంగా నిలుపుకుంది. 2019 మేలో చైనాలోని అన్‌హుయి రాష్ట్రంలో ఒకతను తన కుక్కలకి నగర అధికారుల ఉద్యోగాల పేర్లు పెట్టి ఆన్‌లైన్‌లో చెప్పుకున్నాడు. పోలీసులు పది రోజులు నిర్బంధంలో పెట్టారు. అదే పని గౌరవంగానూ జరుగుతుంది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందు చేర్చిన స్లెడ్జి కుక్కల్లో టోగో పేరు జపాన్ అడ్మిరల్‌ది. పెట్టినవాడి ఉద్దేశం ఏదైనా, విన్నవాడు ఆ ఊళ్లో కుక్కని ఏమనుకుంటాడన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

కుక్క చెవికి ఆ పేరు ఎలా వినిపిస్తుంది?

గ్రీకు రచయిత జెనఫన్ సుమారు 2,400 ఏళ్ల కిందట వేటకుక్కలకి 47 పేర్లు సూచిస్తూ, పిలవడానికి వీలుగా పేరు పొట్టిగా ఉండాలన్నాడు. ఇవాళ్టి శిక్షకులు చెప్పేదీ రెండు అక్షరాలే. దీనికి కొంత శాస్త్రం తోడైంది. 2020లో హంగేరీ పరిశోధకులు కుక్కల మెదడు తరంగాలు కొలిచి చూస్తే, తెలిసిన మాటకీ, ఒక్క ధ్వని మార్చిన అర్థంలేని మాటకీ అవి తేడా చూపించలేదు. పూర్తిగా వేరే ధ్వనులున్న మాటని మాత్రం వేరుగా పట్టాయి.

ఇది ఇంగ్లిష్ పుస్తకాల్లో 'నో' అనే ఆజ్ఞతో 'బో' అనే పేరు కలుస్తుందన్న హెచ్చరికగా కనిపిస్తుంది. తెలుగులో ఆజ్ఞలిచ్చే ఇంటికి చిక్కులు వేరు. రాకీ అనే పేరుకీ 'రాకు' అనే మాటకీ చివరి అచ్చు ఒక్కటే తేడా. రాజా, రాణీ 'రా'తో మొదలవుతాయి, కాబట్టి పేరు పలకగానే సగం దూరం వచ్చేసి నిలబడే కుక్క తప్పు చేసినట్టు కాదు. లడ్డూని గట్టిగా పిలిస్తే 'వద్దు'కి దగ్గర. కిట్టూ అన్నప్పుడు 'సిట్' అని నేర్పినవాళ్లకి కుక్క కూర్చుంటుంది. పేరు మార్చనక్కర్లేదు, ఆజ్ఞ మారిస్తే చాలు: రాకీ ఉన్న ఇంట్లో 'రాకు' బదులు 'ఆగు', లడ్డూ ఉన్న ఇంట్లో 'వద్దు' బదులు 'నో'.

మోత ఉన్నచోట మరో పరిమితి. 2019లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో, చుట్టూ మాటల హోరు పేరంత గట్టిగా ఉన్నా కుక్కలు తమ పేరు గుర్తుపట్టాయి. హోరు పేరుని మించితే పట్టలేకపోయాయి. ఆర్కే బీచ్‌లో అలల పక్కన పిలిస్తే పలకని కుక్క మొండిది కాకపోవచ్చు. అక్కడ తుతుతుతు అన్న మన పాత పిలుపు పేరు కన్నా బాగా పనిచేయొచ్చు. పొట్టిగా, వెంటవెంటనే వచ్చే ధ్వనులు జంతువుని కదిలిస్తాయనీ, సాగదీసిన ఒక్క ధ్వని నెమ్మదింపజేస్తుందనీ అనేక భాషల జంతు పిలుపుల్ని పోల్చిన పరిశోధకులు చూపించారు.

పేరు చెడిపోయే దారులు కూడా ఇక్కడివే. అమ్మ బంగారం అని, నాన్న ఒరేయ్ అని, పిల్లలు బ్రూనో అని పిలిస్తే కుక్కకి మూడు ధ్వనులు, ఏదీ గట్టిగా అంటదు. తిట్టేటప్పుడే పేరు వాడితే పేరు వినగానే చెవులు వెనక్కి వాల్చి పక్కకి పోతుంది. దత్తత తెచ్చుకున్న కుక్కకి పేరు మార్చేటప్పుడు వరస ముఖ్యం: కొత్త పేరు ముందు, పాతది వెంటనే, ఆ తర్వాత తిండిముక్క. 'బ్రూనో, టామీ' అని. బ్రూనో వినబడితే టామీ వస్తుందని, టామీ వస్తే ముక్క వస్తుందని కుక్క కట్టుకుంటుంది. కొన్నాళ్లకి మొదటి మాటకే తల తిరుగుతుంది, అప్పుడు రెండోది తీసేయొచ్చు. వరస తిరగేస్తే, అంటే పాతపేరు ముందు పెడితే, ముక్క వస్తుందన్న సంగతి దానికి పాతపేరుతోనే తెలిసిపోతుంది, కొత్తది వినాల్సిన అవసరమే పడదు. అలా తిరిగేదాకా లైసెన్సు గడిలో పాతపేరు రాయడమే మంచిది, తప్పిపోతే దొరికినవాళ్లు పిలిచి చూసేది ఆ పేరుతోనే.